నెలకోసారి తెరిచి మూస్తానన్న మాట

మా బంధువుల్లో నా గురించి ఒక కథ తిరుగుతూ ఉంటుంది. దాన్ని పుట్టించింది నేనే.

ఇంటర్ చదివే కొడుకు కంప్యూటర్ ఆటలో పడి పాడైపోతుంటే, తండ్రి వాణ్ణి కాణిపాకం తీసుకెళ్లి ప్రమాణం చేయించాడు. ఆ రోజు నుంచి ఎంసెట్ రాసేదాకా పిల్లవాడు ఆట ముట్టలేదు. మంచి ర్యాంకు తెచ్చుకున్నాడు, ఇంజనీరింగులో చేరాడు. కథ ఇంతే. దీన్ని నేను మా బడి స్టాఫ్ రూములో చెప్పాను, పెళ్లిళ్లలో భోజనాల బంతిలో చెప్పాను, పిల్లల్ని వెంటబెట్టుకుని మా ఇంటికి సలహాకు వచ్చిన తల్లిదండ్రులకు చెప్పాను. నా మాట విని కాణిపాకం బస్సెక్కిన వాళ్లు కూడా ఉన్నారు.

ఆ కథలో అబద్ధం లేదు. చెప్పకుండా వదిలేసింది ఉంది. ఇప్పుడు అది రాస్తున్నాను.

నేను తిరుపతిలో ఒక ఉన్నత పాఠశాలలో సోషల్ టీచరుని. మా సొంతూరు చిత్తూరు దగ్గర. పొద్దున ప్రార్థన అయ్యాక పిల్లలకు రోజుకో నీతి చెప్పడం ఇరవయ్యేళ్లుగా నా వంతు. ఏది చూసినా అందులోంచి ఒక నీతి లాగడం నాకు అలవాటైపోయింది. చీమల బారు, కొండ మెట్లెక్కే ముసలమ్మ, కరెంటు పోయిన రోజు, ఏదైనా సరే. మా వాడు నన్ను వెక్కిరించేవాడు. "నాయనా, ఈ పొద్దు ఇడ్లీలో ఏం నీతి ఉండాది?" అనేవాడు.

వాడు తొమ్మిదిలో ఉండగా ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది. పదో తరగతి సెలవుల్లో ఫోను తీగకు ఇంటర్నెట్ తగిలించారు. అప్పటిదాకా బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో, రైలు రిజర్వేషన్ చూసుకోవడానికి వచ్చిన గుండు చేయించుకున్న యాత్రికుల పక్కన కూర్చుని వాడు ఆడుతున్నాడన్న సంగతి నాకు తెలియదు. ఇంట్లో ఆడడం మొదలుపెట్టాక ఒక ఆదివారం నన్ను పిలిచాడు.

"నాయనా, ఈడ కూసో. సూపిస్తా."

తెర మీద ఏదో అడవి. ఆరుగురు బొమ్మ మనుషులు ఒక రాక్షసిలాంటి దాన్ని చుట్టుముట్టి ఉన్నారు.

"వీళ్లందరూ నిజం మనుషులే నాయనా. యాడాడో ఉండారు. ఈ కత్తి పట్టుకున్నాయన మనీలాలో కాలేజీ చదువుతా ఉండాడు. ఆయప్పే మా జట్టుకు పెద్ద."

"నువ్వు యాడ ఉండావు?"

"ఇదో, వెనకాల. తెల్ల బట్టలు."

"వెనకాల నక్కినావు ఎందుకు? భయమా?"

వాడు పకపకా నవ్వాడు. "నేను కొట్టేటోణ్ణి కాదు నాయనా. కొట్టేటోళ్లకు దెబ్బ తగిలితే బాగుచేసేటోణ్ణి. హీలర్ అంటారు."

"అంటే కాంపౌండరువా?"

"డాక్టరు అను. నీ నోరేం అరిగిపోదులే."

అరగంట చూశాను. కత్తి పట్టుకున్నవాడు ముందుకు ఉరికి ఆ రాక్షసి మీద పడుతున్నాడు. వాడి నెత్తి మీది ఎర్ర గీత తగ్గిపోతూ ఉంటే మావాడు వేళ్లు టకటకలాడిస్తున్నాడు, గీత మళ్లీ పెరుగుతోంది. నేను అడిగాను, అంత దెబ్బ తింటూ వాడెందుకు వెనక్కి రావడం లేదని.

"ముందు నిలబడినోడు వెనక్కి తిరిగి సూడకూడదు నాయనా. సూసినాడంటే ఆడనే చస్తాడు. వెనకాల నేనుండానని వానికి తెలుసు. అంతే ఆట."

మర్నాడు ప్రార్థనలో నేను చెప్పిన నీతి అదే. వెనకాల నమ్మదగినవాడు ఉంటే మనిషి ముందుకు చూసి నడుస్తాడు అన్నాను. పిల్లలు ఎప్పుడూ లేనంత శ్రద్ధగా విన్నారు. ఇంటికొచ్చి వాడికి చెబితే మొహం వెలిగిపోయింది. "నా ఆట గురించి బళ్లో చెప్పినావా? నిజంగానా నాయనా?" అని మూడుసార్లు అడిగాడు.

ఆ ఏడాది మా ఇద్దరికీ బాగా గడిచింది. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని వాడి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. వాడికి ఏదైనా చెప్పాలంటే ఆట భాషలో చెప్పడం నేర్చుకున్నాను. ఒక్కరోజులో మెట్టు ఎక్కలేవు కదరా, కెమిస్ట్రీ కూడా అంతే అనేవాణ్ణి. ఆటలో మందు అయిపోయేదాకా ఆగి అప్పుడు వెతుక్కుంటావా, పరీక్ష ముందు రోజు పుస్తకం తెరవడం కూడా అదే కదా అనేవాణ్ణి. వాడు కొన్నాళ్లు విన్నాడు. ఒకరోజు మాత్రం, "నాయనా, అన్నిట్లో నీతి తియ్యగాకు. కొన్ని ఊరికే ఆటలే," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఇంటర్ మొదటి ఏడాది ఫలితాల్లో వాడు రెండు సబ్జెక్టులు తప్పాడు.

"టీచరు కొడుకు తప్పినాడంట అని వీధంతా అనుకుంటా ఉంటే నేను కుళాయి కాడికి ఎట్ల పోవాల?" అని వాళ్లమ్మ ఏడ్చింది. నేను తిట్టాను. వైర్లు పీకి బీరువాలో పెట్టాను. వాడు మళ్లీ నెట్ సెంటరుకు వెళ్లాడు. ఆదివారం మధ్యాహ్నం ట్యూషనని చెప్పి అక్కడ కూర్చున్నాడు. పట్టుకొచ్చాను. "ఆదివారం నేను లేకుంటే వాళ్లు ఓడిపోతారు నాయనా, కోట కాపాడాల," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నీ కోట ఏమవుతోందో చూసుకోరా అన్నాను.

ఊరి నుంచి మా అన్న ఫోన్ చేశాడు. "కొట్టగాకు, తిట్టగాకు. కాణిపాకం పిలుచుకొని పో. తాగుబోతులే మానుకుంటా ఉండారు, బిడ్డోడు మానుకోడా?"

బయటి జిల్లాల వాళ్లకు ఇది కొత్తగా ఉండొచ్చు. మా వైపు దొంగతనం మోపితే, గట్టు తగాదా వస్తే, మొగుడు తాగుడు మానకపోతే, మాటతో తేలనిదాన్ని కాణిపాకంలో తేలుస్తారు. తలమీదుగా స్నానం చేసి, తడిబట్టలతో వినాయకుడి ఎదుట నిలబడి మాట చెప్పాలి. కోర్టులో అబద్ధం చెప్పిన మనిషి కూడా అక్కడ చెప్పడు. మా నాయన విషయమే చెబుతాను. ఊళ్లో ఉమ్మడి బావిలో తూర్పు వంతు మాదేనని మా ఇంట్లో అందరి నమ్మకం. పక్క పొలం వాళ్లు అలా అయితే కాణిపాకంలో చెప్పమన్నారు. మా నాయన వెళ్లాడు. మునిగి లేచి, నీళ్లు కారుతూ నిలబడి, చాలాసేపు ఆలోచించి, "మా నాయన అన్న మాటే గానీ నేను కండ్లారా సూసింది కాదు. చెప్పలేను," అని బయటికి వచ్చేశాడు. వంతు పోయింది. మా అమ్మ నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు. ఊరు మాత్రం ఆయన్ని చనిపోయేదాకా నెత్తిన పెట్టుకుంది. అలాంటి మనిషి కొడుకుని నేను.

మావాడు రానని అనలేదు. బస్సులో చిత్తూరు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. కాణిపాకంలో దిగాక, స్నానానికి ముందు, నన్ను ఒక పక్కకు పిలిచాడు.

"నాయనా, జన్మలో ఆడను అని చెప్పమంటే చెప్పలేను. అబద్ధం అయితాది. ఎంసెట్ రాసేదాకా ముట్టను. అదయితే చెప్తా."

పదహారేళ్లవాడు. వాళ్ల తాత గురించి వాడికి నేను ఎప్పుడూ చెప్పలేదు. నాకు ఆ క్షణాన మా నాయనే గుర్తొచ్చాడు. సరేనన్నాను.

"ఇంగొకటి. నువ్వు గూడా ఒక మాట చెప్పాల."

"నేనేం చెప్పాల్రా?"

జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన చీటీ తీశాడు. అందులో వాడి ఆట పేరు, పాస్‌వర్డ్ ఉన్నాయి. "శానా రోజులు తెరవకుంటే కంపెనీ వాళ్లు నా మనిషిని తీసేస్తారు నాయనా. నేను తెరిస్తే మాట తప్పినట్టు అయితాది. నువ్వు నెలకోసారి తెరిచి మూసెయ్యి. ఆడొద్దు, ఏం ముట్టొద్దు. ఊరికే తెరిచి మూస్తే సాలు. ఎంసెట్ రాసి వచ్చేదాకా బతికించు."

తడిబట్టలతో ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. ముందు వాడు చెప్పాడు. తర్వాత నేను చెప్పాను. నెలకోసారి తెరిచి మూస్తాను, ఇంకేమీ ముట్టను అని గొంతు విప్పి చెప్పాను.

వాడు మాట నిలబెట్టుకున్నాడు. నేను ఊరంతా చాటిన కథలో అది అక్షరాలా నిజం.

మొదటి నెల బీరువాలోంచి వైర్లు తీసి తగిలించి తెరిచాను, మూశాను. వాడి బొమ్మ ఒక ఊరి గేటు దగ్గర తెల్ల బట్టల్లో నిలబడి ఉంది. మూలన ఉత్తరాల గుర్తు మీద ఎనిమిది అని ఉంది. ముట్టలేదు.

రెండో నెల ముట్టాను. మనీలా అబ్బాయివే ఎక్కువ. వచ్చీరాని ఇంగ్లీషులో చిన్న చిన్న ఉత్తరాలు. ఒంట్లో బాగుందా? మీ ఊళ్లో వానలు ఎక్కువా? పరీక్షలా? ఒకదాంట్లో, "కొత్త హీలర్‌ని తీసుకోమని అందరూ అంటున్నారు. మేం తీసుకోలేదు. నీ చోటు ఖాళీగానే ఉంచాం. అయిదుగురమే వెళ్తున్నాం, ఓడిపోతున్నాం, పర్వాలేదు," అని ఉంది.

ఆ రాత్రి అన్నం దగ్గర మావాడు కంచంలోకి చూస్తూ అడిగాడు. "తెరిచినావా నాయనా?"

"ఆ."

"ఏమన్నా రాసినారా వాళ్లు?"

"లేదు," అన్నాను.

అంతకుముందు వాడికి నేను అబద్ధం చెప్పిన గుర్తు లేదు. అంత సులువుగా నోట్లోంచి ఎలా వచ్చిందో. వాడు ఊ అని అన్నం కలుపుకున్నాడు. అప్పటికి బాగానే చదువుతున్నాడు. తప్పిన రెండూ పాసయ్యాడు. కానీ ఆదివారం మధ్యాహ్నం ట్యూషనుకు వెళ్లే ముందు గడియారం వైపు చూసేవాడు. వాళ్లు కోట దగ్గర కలుసుకునే వేళ అది. ఆ చూపు నేను భరించలేకపోయాను.

అర్ధ సంవత్సరం పరీక్షల పేపర్లు దిద్దుతున్న రోజుల్లో ఒక ఆదివారం, వాడు ట్యూషనుకు వెళ్లాక, వాళ్లమ్మ గోవిందరాజస్వామి గుడికి వెళ్లాక, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ నెల అప్పటికే ఒకసారి తెరిచి మూసేశాను. ఇది రెండోసారి.

తెరవగానే వాళ్లు చూశారు. అయిదుగురూ ఎక్కడెక్కడి నుంచో పరిగెత్తుకొచ్చి నా చుట్టూ మూగారు. నా చుట్టూ కాదు, వాడి చుట్టూ. బొమ్మలు గెంతుతున్నాయి. ఒకటి గుండ్రంగా తిరుగుతోంది. కింద అక్షరాలు గబగబా పడుతున్నాయి. వచ్చావా! డాక్టర్ వచ్చాడు! పరీక్షలు అయిపోయాయా? మనీలా అబ్బాయి బొమ్మ కత్తి కింద పెట్టి మోకాళ్ల మీద కూర్చుంది.

నేను టైపు చేశాను. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ చేశాను కాబట్టి చాలాసేపు పట్టింది. అంతసేపూ వాళ్లు కదలకుండా వేచి ఉన్నారు. నేను రాసింది ఇది: "మీరంతా పనీపాటా లేని వాళ్లు. మీతో తిరిగి నా జీవితం పాడైంది. మీరు నాకు స్నేహితులు కారు. ఇక నాకు రాయకండి." ఇంగ్లీషు తప్పులు లేకుండా రాశాను. స్పెల్లింగు సరిచూసుకున్నాను కూడా.

గెంతడం ఆగిపోయింది. ఒకరి తర్వాత ఒకరు మాయమైపోయారు. చివరిదాకా మిగిలింది మనీలా అబ్బాయి. "సరే. బాగా చదువుకో," అని రాశాడు. రాసి కూడా అక్కడే నిలబడ్డాడు. వాడు వెళ్లేవరకూ ఆగలేక నేనే మూసేశాను. తర్వాత, వాడి బొమ్మను శాశ్వతంగా తీసేయాలా అని అడిగే చోటు వెతికాను. ఖాయం చేయడానికి పేరు టైపు చేయమంది. చీటీ చూసి టైపు చేశాను.

ఎంసెట్ రాసిన రోజు వాడు ఇంటికి రాగానే కాళ్లు కడుక్కోలేదు. "చీటీ ఇయ్యి నాయనా," అన్నాడు. నేను పక్కగదిలో పేపరు పట్టుకుని కూర్చున్నాను. మీటలు నొక్కుతున్న చప్పుడు, ఆగడం, మళ్లీ చప్పుడు. తర్వాత పిలిచాడు.

"నాయనా, నెలనెలా తెరిచినావు గదా?"

"తెరిచినాను రా."

"పోయిన నెల?"

"పోయిన నెల గూడా."

వాడు నన్ను అనుమానించలేదు. ఆ సంగతి వాడికి తట్టనే లేదు. "అట్లయితే వాళ్లే ఏదో తప్పు చేసినారు," అని కంపెనీ వాళ్ల మీదికి తోసేశాడు. కొత్త బొమ్మ ఒకటి మొదటినుంచి మొదలుపెట్టాడు. ఆ జట్టు తిరిగే చోటికి చేరడానికి వాడికి రెండు వారాలు పట్టింది. ఒక మధ్యాహ్నం కంప్యూటర్ ఆపేసి వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు.

"నేనే అని చెప్పినాను నాయనా. ఇద్దరు ఉండారు ఆడ. నన్ను సూసి, ఏం పలక్కుండా పక్కకు పోయినారు. ఆయప్ప ఆటే మానేసినాడంట."

అప్పుడు చెప్పి ఉండవచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ నేను నీతులు చెప్పే మనిషిని.

"తెర మీద స్నేహాలు అంతే రా. కనపడకపోతే నెలరోజుల్లో మరిచిపోతారు. మనుషుల్ని అంత నమ్మకూడదు. ఇంట్లో వాళ్లే చివరికి మిగిలేది."

వాడు నేల చూస్తూ విన్నాడు. "ఊ" అన్నాడు. లేచి వెళ్లి ఆ ఆటను కంప్యూటర్లోంచే తీసేశాడు. వేసవి సెలవులయ్యాక ప్రార్థనలో నేను చెప్పిన మొదటి నీతి కూడా అదే.

వాడికి దూరపు జిల్లాలో సీటు వచ్చింది. హాస్టలు. సెలవులకు వచ్చేవాడు, తినేవాడు, చదువుకునేవాడు, వెళ్లేవాడు. మాకు ఒక్క ఫిర్యాదు లేదు. మూడో ఏడు ఒకసారి వాడి గదిలో ఉండే కుర్రవాడు ఇంటికి ఫోన్ చేశాడు. "అంకుల్, వాడికి మా మీద ఏమన్నా కోపమా? రెండేండ్లు ఒకే గదిలో ఉండి కూడా మాతో సినిమాకు ఒక్కసారి రాలేదు. మా అక్క పెళ్లికి రమ్మంటే, ఎందుకులే, కాలేజీ అయితే మీరెవరో నేనెవరో అన్నాడు. తమాషాకు అన్నాడనుకున్నా." వాడు మొదటినుంచీ అంతేనని చెప్పి పెట్టేశాను. వాడు మొదటినుంచీ అంతే కాదు.

పోయిన వేసవిలో మావాడు సెలవులకు వచ్చి ఉండగా మా అన్న కూతురు మా ఇంట్లో నాలుగు రోజులు ఉంది. పది పరీక్షలు రాసింది. చిత్తూరు హాస్టల్లో దానికి ప్రాణంగా ఉన్న స్నేహితురాలు ఊరు మారి వెళ్లి, రాసిన ఉత్తరాలకు జవాబు ఇవ్వడం లేదట. మిద్దె మీద వడియాలు ఎండబెట్టి ఉంటే తెద్దామని నేను మెట్లెక్కుతున్నాను. పైన అన్నాచెల్లెళ్లు మాట్లాడుకుంటున్నారు.

"ఏడ్సగాకు మ్మే. అది మరిచిపోయింటాది."

"మరిచిపోదన్నా. ఒట్టు పెట్టుకున్నాము."

"అందరూ అంతే. కనపడకుంటే నెలరోజులు, అంతే. నాకు నీ వయసులో అయిదుగురు ఉండేటోళ్లు. వాళ్ల కోసం సచ్చిపోతానన్నట్టు ఉండేటోణ్ణి. నేను రాకపోయేసరికి ఒక్కడు గూడా, యాడ పోయినావురా అని ఒక ముక్క రాయలేదు. మా నాయనే చెప్పినాడు, మనుషుల్ని అంత నమ్మొద్దని. ఆయన చెప్పిన నీతులు వెయ్యి ఉంటాయి గానీ అదొక్కటే నాకు పనికొచ్చింది."

ఆ మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు. నా మీద గౌరవంతోనే అన్నాడు. ఒక్క ముక్క రాయలేదని అన్నాడు. నేను ఆ ఉత్తరాలన్నీ చదివినవాణ్ణి. మా అన్న కూతురు ఏడుపు ఆపింది. నేను వడియాలు తేకుండానే దిగివచ్చాను.

మర్నాడు కాణిపాకం వెళ్దామా అన్నాను. వాడు తన ఉద్యోగం కోసం మొక్కు అనుకున్నాడు. అక్కడ బస్సు దిగాక, "స్నానం చేస్తావా నాయనా?" అని నా చేతిలోని తువ్వాలు సంచి అందుకున్నాడు. అప్పుడు చెప్పాను. బట్టల సంచులతో, పిల్లలతో జనం అటూ ఇటూ పోతున్నారు. గుండు గీయించుకున్న ఒక చిన్న పాప మా మధ్యలోంచి పరిగెత్తింది. నేను చెప్పడం ఆపలేదు. ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు.

వాడు మొత్తం విన్నాడు. తర్వాత అడిగింది ఒక్కటే. "ఏం రాసినావు వాళ్లకు? నువ్వు రాసినట్టే చెప్పు. ఇంగ్లీషులోనే."

చెప్పాను. నాకు ప్రతి మాటా గుర్తుంది.

"ఆయప్ప ఏమన్నాడు?"

"సరే, బాగా చదువుకో అన్నాడు."

"అంతకుముందు ఎన్ని రాసినాడు నాకు?"

"శానా రాసినాడు రా."

"ఏమని?"

నాకు గుర్తున్నవన్నీ చెప్పాను. వానల సంగతి, పరీక్షల సంగతి. నీ చోటు ఖాళీగానే ఉంచినాం అన్నది చెప్పేటప్పుడు వాడు తల పక్కకు తిప్పుకున్నాడు. తువ్వాలు సంచి భుజానికి తగిలించుకున్నాడు. లోపలికి వెళ్లలేదు. ఇద్దరిలో ఎవరమూ స్నానం చేయలేదు.

బస్సు వైపు నడిచేటప్పుడు వాడు ముందు, నేను వెనక. పది అడుగులకు ఒకసారి ఆగి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. జనంలో తప్పిపోతానని చూశాడో, ఇంకెందుకైనా చూశాడో నాకు తెలియదు. బస్టాండు దాకా అలాగే చూస్తూ వచ్చాడు.

ఇంటికి వచ్చాక ఆ ఆట కోసం వెతికాడు. కంపెనీ ఆ ఆటను మూసేసి ఏడాది దాటిందట. ఆ అయిదుగురి అసలు పేర్లు వాడికి ఎప్పుడూ తెలియవు. వాడి పేరు వాళ్లకు తెలియదు. మనీలాలో కాలేజీ చదివిన ఒక అబ్బాయి అన్నది మాత్రం తెలుసు. అంత పెద్ద ఊళ్లో అదేం గుర్తు?

హాస్టలుకు వెళ్లే రోజు సంచి సర్దుకుంటూ అన్నాడు. "బంధువులందరికీ ఒక కథ చెప్పినావు గదా నాయనా. ఇది గూడా చెప్పు. నోటితో వద్దు, మళ్లా నీతి చేస్తావు. రాయి."

రాశాను. మొదటిసారి రాసినదానికి నకలు తీసి పోస్టులో పంపాను. పది రోజులకు ఫోన్ చేశాడు. వాళ్లమ్మ ఎత్తితే నాకిమ్మన్నాడు. ఇంటి నుంచి వెళ్లాక నాతో మాట్లాడడం అదే మొదటిసారి.

"సదివినా. అంతా సరిగానే ఉండాది. ఎందుకు చేసినావో రాసిన కాడ మాత్రం, నా సదువు కోసం అని రాసినావు. అప్పటికే నేను సదువుతా ఉండాను గదా నాయనా. తప్పినవి గూడా పాసైనాను. మరి ఎందుకు?"

ఆ మాట అడిగి ఫోను పెట్టేశాడు.

ఆ వాక్యం కొట్టేశాను. దాని చోట ఇది రాస్తున్నాను. వాడు ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా, అన్నీ బాగున్న రోజుల్లో, ఒక సాయంత్రం ఇద్దరం మిద్దె ఎక్కాం. శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తుందని రేడియోలో చెప్పారు. తూర్పున చెట్ల పైన నిప్పు చుక్క లేచింది. వాడు నా మోచేయి గట్టిగా పట్టుకున్నాడు. నిప్పు పైకి పోతూ ఉంది. అంతలో చేయి వదిలేసి, "ఉండు నాయనా, వాళ్లకు చెప్పొస్తా," అని మెట్లు దిగి పరిగెత్తాడు. నేను ఒక్కణ్ణే నిలబడి, పొగ గీత గాలికి వంకర్లు తిరిగి చెదిరిపోయేదాకా చూశాను. వస్తాడని చూశాను. రాలేదు. కిందికి దిగితే కంప్యూటర్ ముందు నవ్వుతూ కూర్చుని ఉన్నాడు. "మా ఊళ్లో రాకెట్ లేచింది అంటే ఆయప్ప నమ్మడం లేదు నాయనా!" అన్నాడు. వాళ్లతో మాట్లాడేటంత సంతోషంగా వాడు నాతో ఎప్పుడూ మాట్లాడలేదని ఆ రోజు నాకు అనిపించింది.

చదువు కోసమే చేశానని కాణిపాకంలో తడిబట్టలతో నిలబడి చెప్పమంటే, మా నాయన లాగే చెప్పలేను అని బయటికి వచ్చేస్తాను. ఆ మిద్దె సంగతి మాత్రం చెప్పగలను.

ఈ కాగితాలు రేపు వాడికి పంపుతున్నాను. ఆ వాక్యం కొట్టేసిన సంగతి కనిపించేలా, తిరగ రాయకుండా, కొట్టివేత అలాగే ఉంచి పంపుతున్నాను. వాడు చదువుతాడు. ఫోన్ చేస్తాడో లేదో తెలియదు.